పడినా నిలిచే నిర్మాణం

నేడు మన ఉపకార వేతనాల దరఖాస్తులు, పరీక్షా ఫలితాలు 'క్లౌడ్' అనబడే కంప్యూటర్ కేంద్రాల ద్వారానే నడుస్తున్నాయి. పేరుకు మేఘమైనా అది నేలమీది కట్టడమే. దానికీ విద్యుత్తు, నీరు, తీగలు కావాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు కుప్పకూలాయి. యంత్రం చెడదని నమ్మడం అమాయకత్వం. చెడుతుందని ముందే ఎంచి నిర్మించడం వివేకం. మన ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. ఒకటి మరమ్మతుకు ఆగితే ఉత్పత్తి తగ్గవచ్చును గాని, కర్మాగారమంతా ఆగనక్కరలేదు.

2022లో హైదరాబాదులో ప్రారంభమైన అమెజాన్ క్లౌడ్ కేంద్రం కూడా ఇట్లే మూడు ప్రత్యేక మండలాలుగా ఏర్పడింది. అయితే అక్కడ చోటు అద్దెకు తీసుకున్నంత మాత్రాన రక్షణ లభించదు. ప్రోగ్రామును కనీసం రెండు మండలాల్లో నిలపాలి. సమాచారానికి నకళ్లు ఉంచాలి. గడువు చివరి రోజున రద్దీ పెరిగితే యంత్రాలు వాటంతట అవే పెరిగి, పిదప తగ్గేటట్లు ఏర్పాటు చేయాలి. లేనిచో నష్టపోయేది ఒకే ఒక్క ఉపకార వేతనంపై ఆశ పెట్టుకున్న పేద విద్యార్థియే.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడిని ప్రకటించింది. సంతోషమే! కాని భవనాలు వచ్చినంతనే నేర్పు రాదు. కనుక మన ప్రయోగశాలలో విద్యార్థులు నిర్మించిన ప్రతి ప్రోగ్రామునూ, ఒక యంత్రాన్ని బుద్ధిపూర్వకంగా ఆపి పరీక్షించే పద్ధతిని కళాశాల సంఘం ప్రవేశపెట్టాలని మా అభిప్రాయం. అప్పుడు కూడా నడిచినదానికే మార్కులు దక్కాలి.