గేరు రాడ్డు... కాస్త పొట్టిగా!

అమెరికాలో కొత్తగా వచ్చే పికప్ ట్రక్కుల్లో, క్లచ్ తొక్కి గేరు మార్చేవి వేళ్లమీద లెక్కపెట్టేన్నే. అందుకే 1980, 90లనాటి చిన్న టొయోటా పికప్‌లను వెతికిమరీ కొని, ఇంటి ముందే బాగుచేసుకునేవాళ్లు అక్కడ చాలామంది. 22ఆర్‌ఈ ఇంజిను, అయిదు గేర్లు... బండి మొండిది. ఎటొచ్చీ గేరు రాడ్డుతోనే పేచీ. మూడులోంచి నాలుగులోకి లాగాలంటే చెయ్యి డ్యాష్‌బోర్డు వైపు నుంచి సీటు దాకా రావాలి. దీనికి విరుగుడుగా బిగించేదే షార్ట్ త్రో షిఫ్టర్.

అసలు అంత పొడవెందుకు పెట్టారంటే... ఆ బండ్లలో చాలావాటికి బెంచీ సీటు. గేరుబాక్సేమో కింద, ముందుకు ఉంటుంది. డ్రైవరు చేతికి అందాలంటే రాడ్డు వంపు తిరిగి పైకి రావాల్సిందే. పైగా బరువులు మోసే బండి, గేరు తేలిగ్గా పడాలి. గునపం పొడవైతే బండరాయి సులువుగా కదలదూ! (మధ్యలో కూర్చునే మూడో మనిషి మోకాళ్ల సంగతి వేరే.)

లెక్క చిన్నదే. రాడ్డు ఒక గుండు మీద అటూ ఇటూ ఊగుతుంది. ఉదాహరణకు గుండుకు పైన 40 సెంటీమీటర్లు, కింద 5 ఉందనుకుందాం. కింది కొస ఒక సెంటీమీటరు కదలాలంటే పైన పిడి ఎనిమిది కదలాలి. పైభాగాన్ని 30కి కోసేస్తే ఆరు చాలు. పైన ముట్టుకోకుండా కింది భాగాన్ని ఆరున్నర దాటించినా దాదాపు అంతే. మార్కెట్లో దొరికే కిట్లు చేసేది ఈ రెండిట్లో ఒకటి, లేదా రెండూ. అయితే ఏదీ ఉచితంగా రాదు. దూరం ఎనిమిది నుంచి ఆరుకు తగ్గితే చేతి బలం మూడోవంతు ఎక్కువ పెట్టాలి. చలికాలం పొద్దున్నే, గేరాయిలు చిక్కగా ఉన్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

గేరు కూడా వేగంగా పడుతుందనుకుంటారు కొందరు. లోపల పళ్ల వేగాలను సమం చేసేవి సింక్రోనైజర్ రింగులు. వాటి టైము వాటికి కావాలి. పొట్టి రాడ్డుతో తొందరపడి తోస్తే అరిగేది అవే.

ఇంతకీ అసలు విషయం వేరే ఉంది. పాత బండిలో రాడ్డు వదులుగా ఊగడానికి పొడవొక్కటే కారణం కాదు. కింది కొసకు చిన్న ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి, ఒరిపిడికి అది పొడైపోతుంది. అప్పుడు ఇనుము ఇనుముకు తగులుతూ, న్యూట్రల్లో ఉందో గేరులో ఉందో కూడా తెలియదు. ఈ బుష్ ఖరీదు కిట్ ధరలో చిన్న ముక్క. దీన్ని మార్చకుండా కిట్ బిగిస్తే వదులు అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది. ముందు బుష్ మార్చి కొన్నాళ్లు నడిపితే, కిట్ అవసరమో కాదో చెయ్యే చెబుతుంది.

బిగించడం పెద్ద పనేం కాదు, గేరుబాక్సు దించక్కర్లేదు. బండి లోపలే రబ్బరు తొడుగు తీసి, రాడ్డు మొదట్లో ఉన్న మూతను కిందికి నొక్కి, ఎడమవైపు తిప్పితే రాడ్డు పైకి వచ్చేస్తుంది. ఆ కన్నంలోకి మట్టిగానీ నట్టుగానీ పడనివ్వకూడదు. పడితే మాత్రం గేరుబాక్సు నిజంగానే దించాలి.

బిగించాక ఇంజిను ఆపే ఉంచి, క్లచ్ తొక్కి, రివర్సుతో సహా అన్ని గేర్లూ వేసి చూడాలి. రాడ్డు ఎక్కడైనా చుట్టూ ఉన్న రేకుకు తగిలి ఆగిందంటే గేరు పూర్తిగా పడనట్టే. బరువుతో గట్టెక్కుతున్నప్పుడు అది జారిపోతే ప్రమాదం. రాడ్డును కోసి పొట్టి చేస్తే గేర్ల మధ్య అడ్డం దూరమూ తగ్గుతుంది. హైవే మీద అయిదులోంచి నాలుగుకు రాబోయి రెండులో పడేస్తే ఇంజిను హద్దుమీరి తిరుగుతుంది. అందుకే మొదటి వారం ఖాళీ రోడ్డు మీద, ఖాళీ ట్రాలీతో చెయ్యి అలవాటు చేసుకోవడం మేలు. రబ్బరు తొడుగు చిరిగి ఉంటే అదీ అప్పుడే మార్చేయాలి, లేకపోతే వానాకాలం నీళ్లు, దుమ్ము నేరుగా క్యాబిన్‌లోకే!