కార్డు వాడిది, మానిటర్ ఇంటిది

పోయిన దసరా ముందు మూడు వారాలపాటు మా ఇంట్లో తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోలేదు. "వాడికి పెరుగు కావాలేమో అడుగు" అని ఆయన, "నాన్నకి ఫోన్ వస్తోందని చెప్పమ్మా" అని వాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఎదురెదురుగా కూర్చుని! మధ్యలో నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. ఇదంతా ఒక గేమింగ్ కంప్యూటర్ గురించి.

మాది లోయర్ ట్యాంక్ బండ్ నుంచి అశోక్‌నగర్ వైపు వచ్చే సందుల్లో ఓ పాత అపార్ట్‌మెంటు. రెండు గదులు, ఒక హాలు. అమ్మాయి గ్రూప్స్‌కి చదువుతోంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు దొరికిన రోజు అక్కడ, దొరకని రోజు ఇంట్లో. అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. హాల్లో కిటికీ పక్కన వాడి టేబుల్. వాడి పాత లాప్‌టాప్ ఫ్యాన్ మోతకి మా కుక్కరే నయం అనిపిస్తుంది.

మా ఆయనకి గేమింగ్ అనగానే రమ్మీ గుర్తొస్తుంది. ఆయన ఆఫీసులో ఒకతను ఫోన్లో పేకాడి అప్పులపాలయ్యాడు. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ అదీ ఇదీ ఒకటి కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన తెలంగాణలో 2017లోనే ఆపేశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బాటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది, ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా గుర్తించింది. మావాడు ఆడేది కార్ల పందేలు, కత్తియుద్ధాలు. ఒకసారి కొనుక్కుంటే అయిపోయే ఆటలు. ఈ సంగతి ఆయనకి చెప్పడానికే వారం పట్టింది.

తర్వాత నేను వాడి లిస్టు చేతిలోకి తీసుకున్నాను. నా చీటీ డబ్బులు 60 వేలు అందులో పడబోతున్నాయి మరి, చదవకుండా ఎలా ఇస్తాను? గాజులు మార్పిద్దామని దాచుకున్న డబ్బది. మా మరిది అయితే "వదినా, వాడి ఆటలకి నీ గాజులా?" అని నలుగురిలో అనేశాడు కూడా.

లిస్టులో నా కళ్ళు రెండు వరసల మీద ఆగాయి. 4కె మానిటర్ 38 వేలు. దాని కింద గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, అదీ 38 వేలు. కూరగాయల నుంచి పెళ్ళి చీరల దాకా లెక్కచూసే అలవాటున్నవాళ్ళకి ఇది వింతగా కనిపించాలి. రెండింటికీ సరిగ్గా ఒకే ధర ఏమిటి? పిండికి తగ్గ రొట్టె వేశావా, డబ్బుని రెండు ముక్కలు చేశావా అని అడిగాను. వాడు నీళ్ళు నమిలాడు. షాపులో 4కె తెర చూసి మనసు పారేసుకున్నాడట. ఆ తర్వాత మిగిలినదాంట్లో కార్డు ఇరికించాడు.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. తెర అంటే చుక్కల ముగ్గు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకి అడ్డంగా 1920, నిలువునా 1080 చుక్కలు, మొత్తం 20,73,600. 1440 అనే రకానికి 36,86,400. 4కె కి 82,94,400, అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. ఈ చుక్కలన్నింటికీ సెకనుకి అరవైసార్లో వందసార్లో రంగు నింపాల్సింది కార్డు. సంక్రాంతికి వీధంతా చుక్కలు పెట్టేసి, రంగులు నింపడానికి ఒక్క పిల్లని కూర్చోబెడితే ఎలా ఉంటుంది? తెల్లారేసరికి సగం ముగ్గే. ఆటలోనూ అంతే, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. దాన్ని దాచడానికి తక్కువ చుక్కలతో గీసి పెద్దది చేసి చూపించే ఉపాయాలున్నాయి, డీఎల్ఎస్ఎస్ లాంటివి. బాగానే పనిచేస్తాయట. కానీ మొదటినుంచీ అరువు మీద బతకడానికి అంత ఖరీదు తెర ఎందుకు?

ఇంకో ముక్క వాడు చెప్పలేదు, నేనే పట్టుకున్నాను. ఆ 5060 టీఐ అనే పేరుతోనే రెండు కార్డులు ఉన్నాయి. ఒకదానికి 8 జీబీ మెమరీ, ఇంకోదానికి 16. పేరొకటే, డబ్బా ఒకటే. వాడు రాసింది 8. ఈ మెమరీ వంటింటి గట్టు లాంటిదనుకోండి. గట్టు చిన్నదైతే సామాను ఫ్రిజ్‌లోంచి తీయడం, మళ్ళీ పెట్టడంతోనే సరిపోతుంది. కొత్త ఆటలు కొన్ని 8 జీబీలో ఇమడక తడబడుతున్నాయి, 4కె అయితే మరీను. అంటే ఎక్కువ గట్టు కావాల్సిన తెర కొని, తక్కువ గట్టున్న కార్డు ఎంచాడన్నమాట. కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివే పిల్లాడు!

మొదట తెర ఎంచుకోవాలి, అదీ మన బల్లకి, మన కళ్ళకి తగ్గది. ఆ తెరని నడపగల కార్డు తర్వాత. నేనిది ఎంతమందితో అయినా వాదిస్తాను. మంచి మానిటర్ ఏడెనిమిదేళ్ళు ఉంటుంది. ఈలోగా కార్డు ఒకసారైనా మారుతుంది. పైగా కార్డు ఒక్కడిది, తెర ఇంటిల్లిపాదిదీ. అమ్మాయి రోజూ ఫోన్లో పీడీఎఫ్‌లు చదివి కళ్ళు నలుపుకుంటోంది. ఆమె చదువుకి ఖర్చు పెట్టాలంటే ఎవరూ మూడు వారాలు చర్చించరు, ఎందుకంటే ఆమె అడగదు. కొడుకు అలిగితే చీటీ పాట పాడతాం, కూతురు సర్దుకుంటే మంచిపిల్ల అంటాం. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

అందుకని తేల్చి చెప్పాను. మానిటర్ డబ్బు పూర్తిగా నాది, కాబట్టి అది ఇంటిది. కార్డుకి నా దగ్గర మిగిలింది ఎంత ఇవ్వాలో నేను చెబుతాను, పై డబ్బు నీ ఇంటర్న్‌షిప్ స్టైపెండులోంచి. వాడు ముఖం మాడ్చుకున్నాడు గానీ, మర్నాడు కొత్త లిస్టు తెచ్చాడు.

27 అంగుళాలు, 1440, 180 హెర్ట్జ్, ఐపీఎస్ ప్యానెల్. 19 వేలు. అదే 27 అంగుళాలు ఫుల్ హెచ్‌డీలో తీసుకుంటే అంగుళానికి 82 చుక్కలే వస్తాయి, అక్షరాలు పొడిపొడిగా కనిపిస్తాయి. 1440లో 109. రెండడుగుల దూరంలో కూర్చుని పీడీఎఫ్ చదివేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీయే చాలనుకునేవాళ్ళు 24 అంగుళాలు దాటకపోవడం మంచిది.

హెర్ట్జ్ దగ్గర మా ఆయన మొదటిసారి నోరు విప్పారు, నాతోనే అనుకోండి. "సుదర్శన్‌లో సినిమా సెకనుకి 24 బొమ్మలతోనే చూశాం, వీడికి 180 ఎందుకట?" మంచి ప్రశ్నే. సినిమాలో హీరో తిరిగితే మనం చూస్తాం. ఆటలో మనమే తిప్పాలి. చెయ్యి కదిపాక తెర మారడానికి 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మకి దాదాపు 17 మిల్లీసెకన్లు, 144లో 7. ఆ తేడా ఆడే చేతికి తెలుస్తుందట. నాకైతే పేజీ కిందికి జరిపినప్పుడు అక్షరాలు అలుక్కుపోకపోవడమే కనిపించింది. అంతకన్నా పైకి, 240, 360 అంటూ పోవడం మాత్రం నా దృష్టిలో పోటీలకి వెళ్ళేవాళ్ళకే.

ఇక కార్డు. ఏఎండీ వాళ్ళ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ తీసుకుంటే ఎనిమిది వేలు కలిసొచ్చేది. ఆటలకి మాత్రమే అయితే నేను అదే కొనమనేదాన్ని. మావాడు "ప్రాజెక్టుకి పనికొస్తుందమ్మా" అన్నాడు. ప్రతి ఇంట్లో ప్రతి కొడుకూ చెప్పే మాటే కదా, చూపించమన్నాను. చూపించాడు. వాడి మెషీన్ లెర్నింగ్ పాఠాల్లో ప్రోగ్రాములు చాలావరకు ఎన్‌విడియా కూడా మీద రాసినవే. 2007 నుంచి ఉన్నదట ఆ పద్ధతి, అందరూ దానికే అలవాటుపడ్డారు. సరే అన్నాను. 5060 టీఐ, 16 జీబీ, 47 వేలు. అంతా కలిపినా మొదటి లిస్టు కంటే ఈ రెండింటి మీద పదివేలు తగ్గింది.

మరిది ఫోన్ చేసి "జీఎస్టీ తగ్గించారుగా, బేరమాడండి" అన్నాడు. మానిటర్లలో తగ్గింది 32 అంగుళాల పైవాటికే, 28 నుంచి 18కి. మన 27 అంగుళాలదీ, కార్డూ అంతకుముందే 18లో ఉన్నాయి.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, ప్యారడైజ్‌లో దిగి చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం, నేనూ, పిల్లలిద్దరూ. అమ్మాయి తన పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంది. షాపతను ఆటల వీడియో పెడుతుంటే "అది కాదన్నా, ఇది పెట్టండి" అని భారత రాజ్యాంగం తెరిపించింది. తెరని ఒకసారి పూర్తి తెలుపు, ఒకసారి పూర్తి నలుపు చేయించి చచ్చిన చుక్కలేమైనా ఉన్నాయేమో చూశాం. ఇంటికొచ్చాక ఒక్క చుక్క కోసం మార్చరు సాధారణంగా. బిల్లు మీద సీరియల్ నంబరు, 16 జీబీ అన్న మాట రాయించుకున్నాను.

ఆ పదివేలు మంచి పవర్ సప్లైకి, యూపీఎస్‌కి పెట్టాం. అక్కడే మా ఆయన చిక్కారు. కరెంటు సంగతంటే ఊరుకోలేరు. "కార్డొక్కటే ఎన్ని వాట్లురా?" అన్నారు, నేరుగా వాడినే. "180 నాన్నా." "మన ఇన్వర్టర్ మీద పెట్టకు, ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి." ఇద్దరూ అరగంట వాట్ల మీద మాట్లాడుకుంటుంటే నేను పప్పు తాలింపు వేసుకున్నాను.

బిగించిన మొదటిరోజు వాడు తీగని కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టాడు. అది సరిచేశాక కూడా విండోస్‌లో 60 హెర్ట్జే ఉంది, సెట్టింగుల్లోకి వెళ్ళి 180 చేసుకోవాలి. కొని ఏళ్ళు గడిచినా ఇది చేయనివాళ్ళు ఉంటారు, మీ ఇంట్లో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు గోడకి ఓ కాగితం అంటించి ఉంది. రాత్రి తొమ్మిది దాకా అక్కది, తర్వాత వాడిది, పదకొండున్నరకి కట్టేయాలి, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఆదివారం ఎవరిదన్నది ఇంకా తేలలేదు. ఈమధ్య ఆ పోటీలోకి పాత సినిమాలు పట్టుకుని మా ఆయన కూడా వచ్చారు.