ఫ్యామిలీ అంటే ఎవరు?

"ఫ్యామిలీని తీసుకురాలేదా?" అని ఒక మగవాడు ఇంకొకణ్ణి అడిగితే, భార్యను తీసుకురాలేదా అని అర్థం. ఆసుపత్రిలో 'ఫ్యామిలీ ప్లానింగ్' అంటే ఆడవాళ్లకి చేసే ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. భర్తలు చేయించుకున్నది ఒక శాతం కూడా లేదు.

మూడో అర్థం నేను పోలీసు స్టేషన్‌లో విన్నాను. దెబ్బలు తిని వచ్చిన ఒకామెకి తోడుగా వెళ్లాను. "ఇది ఫ్యామిలీ మేటర్ మేడమ్, ఇంటికెళ్లి మాట్లాడుకోండి" అన్నారు. ఆమెను గెంటేసింది ఆ ఇంట్లోంచే! భర్త పెట్టే హింస 1983 నుంచీ నేరమే అయినా, ఆ ఒక్క మాటతో చట్టం గుమ్మం బయటే ఆగిపోయింది.

భార్యే ఫ్యామిలీ అయితే ఫ్యామిలీ మేటర్‌లో ఆమె మాట ఎందుకు చెల్లదు?

2005 గృహహింస చట్టం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకి ఇచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా స్త్రీనే గుర్తించింది. చట్టాల్లో అర్థం కొంతైనా మారింది. స్టేషన్లలో, మన ఇళ్లలో మారాలి. ఇకపై ఎవరైనా 'ఫ్యామిలీ మేటర్' అంటే ఊరుకోకుండా అడుగుదాం: ఫ్యామిలీ అంటే ఎవరు?