కొల్లేరుకి గీత ఉంది, ప్లానేదీ?

కొల్లేరు మాట ఎత్తితే చాలు, మనవాళ్ళలో రెండు జట్లు తయారవుతాయి. ఐదో కాంటూరు ఉండాలనేవాళ్ళు పక్షుల పక్షం, మూడుకి తగ్గించాలనేవాళ్ళు రైతుల పక్షం. నాకైతే రెండు జట్లూ స్కోపు దగ్గరే కొట్టుకుంటూ అసలు పని వదిలేశాయనిపిస్తుంది.

తెలియనివాళ్ళ కోసం కాస్త ఫ్లాష్‌బ్యాక్. 1970ల్లో ప్రభుత్వమే అక్కడి జాలర్లతో సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్న బయటివాళ్ళు లీజులకి దిగారు. సరస్సు నిండా గట్లు లేచాయి. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని గట్లు తెగ్గొట్టారు. 2008లో కాంటూరు మూడుకి తగ్గించమని అసెంబ్లీ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. ఈలోగా చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

లేవకేం చేస్తాయి? రిలీజ్ చేసేసి మెయింటెనెన్స్ టీమ్‌ని పెట్టకపోతే ఏమవుతుందో మనకి తెలియనిదా! గట్టు కొట్టడానికి పొక్లెయిన్ చాలు. మర్నాటి నుంచి ఆ లంకలో పొయ్యి ఎలా వెలగాలో మాత్రం ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. ఈ అభయారణ్యం లోపల ఊళ్ళున్నాయి, జిరాయితీ పట్టాలున్నాయి. మనుషుల్లేని అడవికి రాసినట్టు రూల్సు రాస్తే ఇక్కడ చెల్లవు.

ఇంకోటి, కొల్లేరు తలరాత కొల్లేరులో లేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళతోపాటు దారిలో ఊళ్ళ మురుగు కూడా తెస్తాయి. సముద్రంలోకి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. గట్లు అడ్డమైతే వరద ఎగువకి తంతుంది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఉప్పునీరు లోపలికొస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు కూడా చివరికి చేరాల్సింది ఇక్కడికే. ఏ నెలలో ఎంత నీళ్ళుండాలి, ఎవరు కొలవాలి? ఏ కాంటూరు గీతా ఇది చెప్పదు.

ఒరిస్సా వాళ్ళు చిలికా కోసం 1990ల మొదట్లోనే ఒక అథారిటీ పెట్టారు. 2000లో సముద్రానికి కొత్త ముఖం తెరిచారు. చేపలు పెరిగాయి, 2002లో రామ్‌సార్ వాళ్ళ ప్రమాద జాబితా నుంచి బయటపడింది. అక్కడా అన్నీ బాగున్నాయని కాదు, రొయ్యల ఆక్రమణలు అక్కడా ఉన్నాయి. కానీ నిలదీయడానికి ఒక ఆఫీసంటూ ఉంది.

నా ఓటు ఐదో కాంటూరుకే. కాకపోతే గీతతోపాటు ప్లాను కూడా కావాలి. జిరాయితీ రైతుకి ముందు డబ్బులు, తర్వాతే గట్టు మీద చెయ్యి. వలేసి బతికేవాడినీ వందల ఎకరాలు లీజుకి తీసుకున్నవాడినీ ఒకే గాటన కట్టకూడదు. అడవి, నీటిపారుదల, మత్స్య, రెవెన్యూ శాఖల్ని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి, లంక ఊళ్ళవాళ్ళకీ అక్కడ కుర్చీ వెయ్యాలి. ఐదేళ్ళకోసారి లెక్క చూసి ప్లాను మార్చుకోవాలి.

"ఇదంతా అయ్యేసరికి సరస్సు మిగలదు" అంటారు కొందరు. ప్లాను లేకుండా హడావిడిగా కొట్టినందుకేగా మళ్ళీ మొదటికొచ్చాం? యూజర్ని అడక్కుండా కట్టిన సిస్టమ్ ఎన్నాళ్ళు నిలబడుతుందో మనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? మీరేమంటారు?