హైటెక్ సిటీలో మొదట చూడవలసినవి

పట్టణమును చూచుట యనగా దాని యెత్తైన కట్టడములను లెక్కించుట యని మన విద్యార్థులలో పెక్కండ్రు తలంచుచున్నారు. హైదరాబాదునకు పశ్చిమముననున్న హైటెక్ సిటీకి విహారయాత్ర యనగానే వారి మనస్సునకు వచ్చునవి అద్దపు గోడల మేడలు, తీగల వంతెన, రాత్రి దీపములు. ఇవి చూడదగినవి కావని నేననను. కాని వానిని మాత్రమే చూచి మరలినవాడు ఆ యూరిని చూచినవాడు కాడని నా యభిప్రాయము.

నదీతీర పట్టణములలో నీ చిక్కు లేదు. రాజమహేంద్రవరమునకు పోయిన విద్యార్థి గోదావరిని చూడక మరలజాలడు. ధవళేశ్వరమున 1852వ సంవత్సరమున ముగిసిన ఆనకట్ట వలన డెల్టా భూములకు నీరెట్లు వచ్చెనో ఎవరైన నతనికి చెప్పుదురు. అచ్చట నదియే యూరి కథను చెప్పును. హైటెక్ సిటీ ప్రక్కను నది లేదు. మూసీ పాత నగరము ప్రక్కగా పోవుచున్నది. ఇచ్చట కథ చెప్పవలసినవి బండలును, చెరువులును. అవి మనలను పిలువవు. మనమే పోయి యడుగవలెను.

మొదట ఊళ్ల పేర్లను వినుడు. కొండాపురములో కొండ యున్నది. గచ్చిబౌలిలో బావి యున్నది. రాయదుర్గములో దుర్గమున్నది. సైబర్ టవర్సు భవనమును 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారు ప్రారంభించిరి. అంతకు ముందు ఈ ప్రదేశమున ఏమియు లేదని తలంచువారికి ఈ పేర్లే ప్రత్యుత్తరము. దుర్గము చెరువు కుతుబ్ షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీటి నిచ్చినదని ప్రసిద్ధి. దానిపై తీగల వంతెన 2020వ సంవత్సరమున తెరువబడినది. ఆ వంతెనపై నిలిచి ఫొటో తీయించుకొను బాలుడు, తన కాళ్ల క్రింది నీరు ఒక కోటకు దాహము తీర్చినదని యెరుగవలదా?

ఇక బండల సంగతి. ఈ గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూగర్భమున కరగియున్న పదార్థము మెల్లగా చల్లారి గట్టిపడగా నివి యేర్పడినవి. పైపొరలు కాలక్రమమున కొట్టుకొనిపోగా బయటపడినవి. పగుళ్ల వెంబడి నీరు దిగి, ఎండకును వానకును అంచులరిగి గుండ్రనైనవి. ఒకదానిపై నొకటి పేర్చినట్లు కనబడు గుండ్లను ఏ రాక్షసుడును పేర్చలేదు. పెక్కు గుండ్లు ఉన్నచోటనే యుండి యరిగినవి. 1974వ సంవత్సరమున స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణములో కుక్కగొడుగు ఆకారము గల బండ యొకటి ప్రసిద్ధమైనది. ఇట్టి బండలను కాపాడుటకై 1996లో నగరమున నొక సంఘమే యేర్పడినది. తరగతిలో నల్లబల్లపై పది దినములు చెప్పినను అంటని భూగోళ పాఠము, అట్టి బండ నీడను అరగంట కూర్చున్నచో అంటును.

మాదాపురమున 1992లో నెలకొల్పబడిన శిల్పారామమును గూడ ఇట్లే చూడవలెను. అచ్చట బొమ్మలు కొని, తినుబండారములు తిని వచ్చుట యాత్ర కాదు. పనివాడు కనబడినపుడు, ఈ వస్త్రము నేయుటకు ఎన్ని దినములు పట్టును, ఈ విద్యను నీకెవరు నేర్పిరి, నీ బిడ్డలు దీనిని నేర్చుకొనుచున్నారా యని మర్యాదతో అడుగవలెను. కొండాపురము చెంతనున్న కోట్ల విజయభాస్కర రెడ్డి ఉద్యానవనములో చెట్ల పేర్లను తెలుగులో వ్రాసికొనవలెను.

ఇంత పట్టుదల యేల యని యడుగవచ్చును. ఈ బాలురే రేపు ఇంజనీర్లును, అధికారులును, ఇండ్ల యజమానులును అగుదురు. పటములో ఖాళీగా కనబడు చోట చెరువున్నదో, బండయున్నదో, నెమళ్లున్నవో వారెరుగనిచో, గీత గీయుటకు వారి చేయి సంకోచింపదు. 2025వ సంవత్సరమున కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల విషయమై వివాదము కలిగినపుడు, గట్టిగా పలికినవారిలో విశ్వవిద్యాలయ విద్యార్థులు ముందుండిరి. ఆ చెట్ల నడుమ దినదినమును తిరిగినవారు వారే గదా! ఆ యేప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు అచ్చట చెట్లు కొట్టుట నిలుపుమని ఉత్తర్వు చేసెను. తీర్పుల సంగతి పెద్దలకు విడుతము. తెలిసినదానినే మనుష్యుడు కాపాడునని మాత్రము మనము గ్రహింపవచ్చును.

తలిదండ్రులలో కొందరు, “ఆ మేడలే గదా మా బిడ్డలకు అన్నము పెట్టునవి, బండలను చూచిన నేమి లాభము?” అందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. ఆ కార్యాలయముల వలన ఎన్నియో కుటుంబములు పైకివచ్చినవి. అయినను అన్నము పెట్టు ఇంటికి నీరును, నీడయు వలదా? అచ్చట ఉద్యోగము చేయబోవు బిడ్డకే ఆ నేలను గూర్చిన జ్ఞానము మరింత అవసరము.

కావున రాబోవు యాత్రకు నా సూచన యిది. రైలు సౌకర్యము కలదు. మెట్రో 2019లోనే రాయదుర్గము వరకు వచ్చినది. ఎండ ముదురక పూర్వము ఉద్యానవనమును, పిమ్మట శిల్పారామమును, సాయంకాలమున దుర్గము చెరువును చూడవచ్చును. విశ్వవిద్యాలయములోని బండను చూచుటకు ముందుగా అనుమతి కోరవలెను. మేడలను చివర చూపుదము. ఇంటికి వచ్చిన పిమ్మట ప్రతి విద్యార్థియు ఒక పుట వ్రాయవలెను: నీరెచ్చట నుండి వచ్చెను, రాయి యెట్లు పుట్టెను, చేతిపని యెవరు చేసిరి? ఈ మూడింటికి సమాధానము వ్రాయగలిగిన బాలునకు మేడల యెత్తును మనము చెప్పనక్కరలేదు. దానిని అతడే తెలిసికొనును.