లోతెరుగని చట్టం

కోలారు బంగారు గనుల పట్టణంలో పదమూడు సైనైడ్ దిబ్బలున్నాయి. నూట ఇరవై ఏళ్ల పాటు పలుగురాయిని పిండి చేసి, పసిడి తీసుకుని, మిగిలిన బూడిదరంగు పిండిని ఇళ్ల పక్కనే పోసి వెళ్లిన గుట్టలవి. వాటి బరువు సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇరవై మూడేళ్ల తరవాత, 2024 జూన్‌లో, ఆ దిబ్బలున్న వెయ్యి ఎకరాల మీద కర్ణాటక మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ఊరిని శుభ్రం చేయాలని కాదు. దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని తీసుకోవచ్చని కేంద్రానికి సమ్మతి చెప్పింది. వేసవి గాలికి ఆ దుమ్ము జనం ఊపిరితిత్తుల్లోకి పోయినన్నాళ్లూ అది ఎవరికీ పట్టని చెత్త. బంగారం ధర ఆకాశానికి ఎక్కగానే అది జాతి సంపద అయింది.

మా అభియోగం ఒక్కటే. గనిలో లాభమెంతో లెక్కగట్టేటప్పుడు భూగర్భశాస్త్రాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివే మన ప్రభుత్వాలు, గని మూసే ఖర్చు లెక్కగట్టేటప్పుడు ఆ శాస్త్రాన్ని పూర్తిగా పక్కన పెడుతున్నాయి. ఇది కోలారు ఒక్కదానికి పరిమితమైన పాత కథ కాదు. అదే జాతి బంగారం కోసం ఇప్పుడు రాయలసీమలో తవ్వకాలు మొదలవుతున్నాయి కనుక దీన్ని ఇప్పుడే అడగాలి.

ముందు ఆ బంగారం ఎలా పుట్టిందో చూడాలి. భూమి పలకలు ఢీకొని పర్వతాలు లేచే కాలంలో, అడుగుకు అణిగిపోయిన రాళ్లు వేడెక్కి తమలో బందీగా ఉన్న నీటిని వదులుతాయి. ఆ వేడినీటిలో ఉప్పు తక్కువ. కార్బన్ డయాక్సైడ్, గంధకం ఉంటాయి. బంగారం గంధకంతో జతకట్టి అందులో కరుగుతుంది. భ్రంశాలు, అంటే భూమిలో కిలోమీటర్ల కొద్దీ దిగిన పగుళ్లు, ఆ నీటికి దారి. పగులు మూసుకుపోయి ఉన్నంతకాలం లోపల ఒత్తిడి పెరుగుతుంది. భూమి కంపించి పగులు తెరుచుకోగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు పలుగురాయి గడ్డకడుతుంది, దాంతోపాటే పసిడి కూడా. మళ్లీ పగులు మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. చుట్టూ ఉన్న రాతిలోని ఇనుము ఆ నీటిలోని గంధకాన్ని లాగేసుకున్న చోట బంగారం నిలవలేక రాలిపోతుంది. అక్కడే ఇనుము, గంధకం, తరచు ఆర్సెనిక్ కలిసిన ఖనిజాలు ఏర్పడతాయి. వీటిని పర్వతోద్భవ నిక్షేపాలంటారు. కోలారులో ఈ పని జరిగి 250 కోట్ల ఏళ్లు దాటింది. అప్పటి పర్వతాలు ఎప్పుడో అరిగిపోయాయి, వాటి వేళ్లలోని పలుగురాతి చారలు మిగిలాయి.

పెట్టుబడి పెట్టేవారికి ఈ నిక్షేపాలంటే ఎందుకంత మోజో ఈ పుట్టుకలోనే ఉంది. పగుళ్లు లోతుగా దిగినందువల్ల బంగారమూ లోతుకు దిగుతుంది. పైన దొరికిన చార కింద ఇంకా కొనసాగుతుందన్న నమ్మకం ఉంటుంది. పెద్ద భ్రంశం ఒకటి దొరికితే దాని పొడవునా ఒకదాని తరవాత ఒకటి గనులు దొరకవచ్చు. చాలాచోట్ల బంగారం రాతి నుంచి సులభంగానే విడివడుతుంది. పైగా ఇలాంటి గని తరాల తరబడి నడుస్తుంది. ఆస్ట్రేలియాలోని కాల్‌గూర్లీ, ఘనాలోని ఒబువాసి, మన పక్కనున్న రాయచూరు జిల్లా హట్టి దీనికి సాక్ష్యాలు. కోలారులో ఛాంపియన్ లోడ్ అనే బంగారు చార మందం చాలాచోట్ల కొన్ని అడుగులే. దాని వెంట మనుషులు 3.2 కిలోమీటర్ల లోతు వరకు దిగారు. మొత్తం మీద దాదాపు 800 టన్నుల బంగారం పైకి తెచ్చారు.

ఇక్కడే మన పాలకులు పుస్తకం మూసేస్తారు. లాభం తెచ్చిన ప్రతి గుణానికీ వెనక ఒక బాకీ ఉంది. లోతు ఉన్నచోట వేడి ఉంటుంది. కోలారు అడుగున రాతి వేడి 65 డిగ్రీల చుట్టూ ఉండేది. లోతున ఒత్తిడికి రాయి పేలి మనుషుల మీద పడే ప్రమాదాలు ఆ గనుల చరిత్ర పొడవునా ఉన్నాయి. పంపులు ఆగిన రోజు నుంచి ఆ కిలోమీటర్ల సొరంగాలన్నిటిలోకి నీరు చేరుతుంది. బంగారాన్ని మోసిన పలుగురాయి పిండైతే ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్ జబ్బు తెస్తుంది. 1940లలో కోలారు కార్మికులు ఏడున్నర వేల మందిని పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా ఆ జబ్బు బయటపడింది. బంగారాన్ని నిలబెట్టిన గంధకపు ఖనిజాలు దిబ్బల్లో గాలికి, వానకు ఆరుబయట పడితే ఆమ్లాన్ని, విష లోహాలను వదలగలవు. బంగారం తీయడానికి వాడిన సైనైడ్ ఎండకు చాలావరకు విరిగిపోవచ్చు, లోహాలు విరిగిపోవు. గని తరాల తరబడి నడిచిందంటే, దాని మీద తప్ప మరో బతుకు తెలియని తరాలు తయారయ్యాయని కూడా అర్థం.

ఈ బాకీ ఎవరికి పడింది? 1880 నుంచి లాభం తిన్నది లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపిన కంపెనీల వాటాదారులు. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి మీద పుట్టిన కరెంటు తొలుత వెళ్లింది ఊళ్లకు కాదు, ఈ గనులకు. లోపలికి దిగింది మాత్రం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళ దళితులు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు కూలీలు. 1956లో మైసూరు రాష్ట్రం గనులను జాతీయం చేసింది. 1962లో కేంద్రం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. యజమాని మారాడు, లెక్క మారలేదు. దేశంలో మార్కెట్ ధర ఎంతో ఎక్కువగా ఉన్న కాలంలో కోలారు బంగారాన్ని తక్కువైన అంతర్జాతీయ అధికార ధరకే ప్రభుత్వం తీసుకుంది. ఆ తేడాలో ఒక్క భాగాన్నైనా గని మూసే రోజు కోసం దాచి ఉంటే ఈ దిబ్బలు ఇలా ఉండేవి కావు. అలా దాచకుండా, ఆ సంస్థ నష్టాల్లో ఉందని తీర్పు చెప్పి, ఔన్సు ధర 270 డాలర్ల చుట్టూ పాతాళంలో ఉన్న 2001లో తలుపులు మూశారు. 2025లో అదే ఔన్సు 4,000 డాలర్లు దాటింది. ఉద్యోగం పోయిన కుటుంబాలు క్వార్టర్ల కోసం, బకాయిల కోసం కోర్టుల చుట్టూ తిరిగాయి. వాళ్ల పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు వెళ్లి పని చేసుకుని రాత్రికి తిరిగొస్తున్నారు.

అప్పట్లో చట్టం లేదంటారు. నిజమే. బంగారం వంటి ఖనిజాల గనులకు మూసివేత ప్రణాళిక ఉండాలన్న నిబంధన మన దేశంలో 2003లో వచ్చింది, అప్పటికి కోలారు మూతపడి రెండేళ్లు. మరి ఇప్పుడున్న చట్టం ఎలాంటిది? గని యజమాని మూసివేత పనులు చేయకుండా వెళ్లిపోతే ఖర్చుకు పనికొచ్చేలా ముందే ఆర్థిక హామీ ఇవ్వాలి. 2021లో దాన్ని పెంచారు. పెద్ద గనులకు హెక్టారుకు 5 లక్షల రూపాయలు, చిన్నవాటికి 3 లక్షలు. అదీ గని పనులకు వాడుతున్న భూమి విస్తీర్ణం మీద. ఎకరానికి రెండు లక్షలన్నమాట.

ఈ కొలతలోనే తప్పంతా ఉంది. సున్నపురాయి పొరలా పరుచుకుని ఉంటుంది కనుక అక్కడ ఎకరాల లెక్క కొంతవరకు సరిపోవచ్చు. పర్వతోద్భవ బంగారం పరుచుకోదు, నిట్టనిలువునా దిగుతుంది. నేల మీద కొద్దిపాటి జాగాలో కట్టిన షాఫ్టు కింద కిలోమీటర్ల సొరంగాలుంటాయి. తీసిన రాతిలో టన్నుకు కొన్ని గ్రాములే బంగారం; మిగతా టన్నంతా పిండిగా మారి నేల మీదే ఉండిపోతుంది. చట్టం కొలిచేది భూమి పైభాగాన్ని. గని ఉన్నది లోతులో, మిగిల్చేది టన్నుల్లో.

ఇప్పటి హామీ రేటునే కోలారు దిబ్బలకు వర్తింపజేసి చూడండి. వెయ్యి ఎకరాలంటే దాదాపు 400 హెక్టార్లు. హెక్టారుకు 5 లక్షల చొప్పున ఇరవై కోట్ల రూపాయలు. దిబ్బల బరువుతో భాగిస్తే టన్నుకు ఆరు రూపాయలు. విషపు పిండిని టన్నుకు ఆరు రూపాయలతో ఎవరు కప్పగలరు? ఎవరు దాని మీద మొక్క పెంచగలరు? ఎవరు చుట్టుపక్కల బావుల నీళ్లను ఏళ్ల తరబడి పరీక్షించగలరు?

గని ప్రాంత ప్రజల కోసం జిల్లా ఖనిజ నిధి ఉంది కదా అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. దాని లెక్కా చూద్దాం. బంగారానికి రాయల్టీ నూటికి 4. వేలంలో ఇచ్చిన గనులకు జిల్లా నిధి వాటా ఆ రాయల్టీలో పదో వంతు. అంటే వంద రూపాయల బంగారం తీస్తే దుమ్ము పీల్చే ఊరికి వచ్చేది నలభై పైసలు. వేలంలో పాడిన ప్రీమియం వేరే ఉంటుంది, కానీ అది రాష్ట్ర ఖజానాకు పోతుంది. అందులో ఇంత భాగం గని మూసివేతకే పక్కన పెట్టాలని ఏ నిబంధనా లేదు.

మూసే ఖర్చు ముందే కట్టించుకోకపోతే ఏమవుతుందో ధనిక దేశం కెనడా చూపించింది. ఎల్లోనైఫ్ ఊరి అంచున జయంట్ మైన్ అని ఇదే జాతి బంగారు గని 1948 నుంచి 2004 వరకు నడిచింది. అక్కడ బంగారం ఆర్సెనిక్ ఖనిజంలో ఇరుక్కుని ఉండేది కనుక రాయిని కాల్చి తీశారు. ఫలితంగా 2 లక్షల 37 వేల టన్నుల ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ పొడి భూగర్భ గదుల్లో మిగిలింది. యజమాని కంపెనీ 1999లో దివాలా తీసింది. బాధ్యత ప్రజల నెత్తిన పడింది. ఆ గదుల చుట్టూ నేలను గడ్డకట్టించి ఉంచడంతో సహా శుభ్రం చేసే ఖర్చు అంచనా 438 కోట్ల కెనడా డాలర్లకు చేరింది. కోలారు బంగారం అంతకంటే సులభంగా విడివడేది, అంత విషం అక్కడ పోగుపడలేదు. కానీ పాఠం ఒకటే. గని కంపెనీ వెళ్లిపోగలదు, గని వెళ్లిపోదు.

ఇప్పుడు మన గుమ్మం ముందున్న సంగతి. కోలారు శిలల పట్టీయే దక్షిణానికి సాగి చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట, బిసానత్తం దాకా వచ్చింది. భారత్ గోల్డ్ మైన్స్ ఒకప్పుడు తవ్వి వదిలేసిన ఆ నిక్షేపాన్ని వేలంలో హైదరాబాదు కేంద్రంగా ఉన్న ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. అక్కడ 18 లక్షల టన్నుల పైచిలుకు ముడిఖనిజం, టన్నుకు ఐదు గ్రాముల చుట్టూ బంగారం ఉన్నాయని అంచనా. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరిలో ప్రైవేటు గని రూపుదిద్దుకుంది. రాయలసీమలోనే ఉన్న రామగిరి గనులను కోలారు యాజమాన్యమే నడిపి, కోలారుతోపాటే మూసింది. మూడు చోట్లా అదే ప్రాచీన శిలల పట్టీలు, అదే పలుగురాయి.

దేశం ఏటా వందల టన్నుల బంగారం దిగుమతి చేసుకుంటోందని, సొంత ఉత్పత్తి అందులో లెక్కలోకే రాదని, కరువు సీమకు ఉద్యోగాలు కావాలని గని అనుకూలురు అంటారు. ఆ మూడు మాటలూ ఒప్పుకుంటాం. తవ్వొద్దని మేం అనడం లేదు. తవ్వే ఖర్చులో మూసే ఖర్చు కూడా కలపండి, అప్పుడూ లాభముంటే తవ్వండి అంటున్నాం. ఆ ఖర్చు కలిపితే ఏ గని లాభం ఆవిరైపోతుందో, ఆ గని మొదటినుంచీ లాభసాటి కాదు. దాని నష్టాన్ని పక్క ఊరి పేరు మీద రాస్తున్నారంతే.

కేంద్ర గనుల శాఖ చేయాల్సింది స్పష్టంగా ఉంది. బంగారు గనుల ఆర్థిక హామీని హెక్టార్ల నుంచి తప్పించి, తవ్విన లోతు, పిండి చేసిన టన్నులు, రాతిలోని గంధకం, ఆర్సెనిక్ మోతాదుల మీద నిర్ణయించాలి. మొదటి పేలుడుకు ముందే కొంత జమ చేయించి, ఆపైన మిల్లు దాటే ప్రతి టన్నుకూ ఆ జమ పెంచాలి. ఆ సొమ్ము కంపెనీ దివాలా తీసినా, ప్రభుత్వ సంస్థ మూతపడినా ఎవరూ ముట్టుకోలేని ఖాతాలో ఉండాలి. కోలారు దిబ్బల టెండరులో బంగారం వాటా కంటే ముందు దుమ్ము అణచే షరతు, మిగిలిన పిండికి కింద పొర వేసి, పైన కప్పే షరతు, పాత కార్మికుల ఊపిరితిత్తుల పరీక్షకు నిధి రాయాలి. దిబ్బలను మళ్లీ తవ్వి బంగారం తీసుకుని, మరోసారి ఆరుబయట పోసి వెళ్లడం కోలారుకు రెండో ద్రోహం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి కేంద్రం కోసం ఆగాల్సిన పని లేదు. చిగురుగుంట, జొన్నగిరి చుట్టూ ఉన్న బావుల నీటిలో ఆర్సెనిక్ ఎంత, గాలిలో పలుగురాతి దుమ్ము ఎంత అన్న లెక్కలు తవ్వకం మొదలుకాకముందువి, తరవాతవి గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో పెట్టించవచ్చు. గనిలో పని చేసిన ప్రతి మనిషి పేరూ, కాంట్రాక్టు కూలీలతో సహా, ఆరోగ్య రిజిస్టరులో ఎక్కించి, పని మానేశాక కూడా పరీక్షలు కొనసాగించవచ్చు. సిలికోసిస్ ఏళ్ల తరవాత బయటపడే జబ్బు కనుక అది దయ కాదు, అవసరం. వేలం ప్రీమియంలో ఒక భాగం మూసివేత నిధికేనని శాసనసభలో చట్టంగా రాయవచ్చు. ఇందులో ఏదీ కొత్త శాస్త్రం కోరదు, ఖజానా బద్దలయ్యే ఖర్చూ కాదు. కావాల్సింది, బంగారాన్ని వెతకడానికి చదివిన భూగర్భశాస్త్రాన్నే మనుషులను కాపాడటానికీ చదవడం. ఈ షరతులు లేకుండా ఇచ్చే ప్రతి లీజు మీదా సంతకం చేసిన వాళ్ల పేరు ఉంటుంది. రేపటి దిబ్బలకు జవాబు చెప్పాల్సింది వాళ్లే.