స్క్రిప్టుకు చాకిరీ ఇవ్వండి, దస్తఖత్ ఇవ్వకండి

గిట్‌లో ఫైళ్లు పెట్టుకునేవాళ్లలో చాలామంది దగ్గర ఒక చిన్న షెల్ స్క్రిప్టు ఉంటుంది. మారిన ఫైళ్లన్నీ ఎత్తు, "అప్‌డేట్" అనే మెసేజ్‌తో కమిట్ చెయ్, సర్వర్‌కు పుష్ చెయ్. అంతే. దాన్ని క్రాన్‌కు కట్టేస్తే పది నిమిషాలకోసారి దానంతటదే నడుస్తుంది. ఆరామ్‌గా ఉంటుంది, కాదనను. రోజువారీ చాకిరీని మిషన్‌కు అప్పగించడంలో నాకు ఏతరాజ్ లేదు. కానీ కమిట్ చాకిరీ కాదు, దస్తఖత్ అని నా వాదన.

మేం కొందరు దోస్తులం కలిసి తెలుగులో వాడే ఉర్దూ, పారశీ మాటల లుగత్ ఒకటి తయారు చేసుకుంటున్నాం. అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లే, ఒక రిపోలో ఉంటాయి. "ఖరారు" మాటే తీసుకోండి. తెలుగులో ఖరారు అంటే తేలిపోయింది, పక్కా అయింది అని మతలబ్. ఉర్దూలో ఖరార్ అంటే మనసు నిమ్మళించడం కూడా. అది లేనివాడే బేఖరార్. ఈ రెండో అర్థాన్ని ఒకరు చేర్చారు, తర్వాత ఎవరో తీసేశారు. తెలుగు వాడుకలో లేదని తీశారా, చెయ్యి జారి పోయిందా? గిట్ బ్లేమ్, గిట్ లాగ్ ఎంత తిరగేసినా దొరికిన జవాబు ఒక్కటే: "అప్‌డేట్". దాని పైనా అదే, కిందా అదే. ఏ తారీఖున, ఎవరి ఖాతా నుంచి అన్నది గిట్ చెబుతుంది. ఎందుకు అన్నది మనిషి రాస్తేనే ఉంటుంది.

అంతకంటే పెద్ద నుక్సాన్ ఇంకోటి జరిగింది. ఒక దోస్తు స్క్రిప్టులో పుష్ అప్పుడప్పుడు ఫెయిలవుతోందని ఎవరో సలహా ఇస్తే, దానికి "ఫోర్స్" తగిలించాడు. అతని లాప్‌టాప్‌లో ఉన్నది పాత నకలు. స్క్రిప్టు దాన్నే తీసుకెళ్లి సర్వర్ మీద రుద్దింది. మరొకరు సాయంత్రమంతా కూర్చుని చేర్చిన మాటలు బ్రాంచి నుంచి మాయమయ్యాయి. గిట్‌లో ప్రతివాళ్ల దగ్గరా పూర్తి నకలు ఉంటుంది కాబట్టి, రాసినావిడ లాప్‌టాప్ నుంచి వెనక్కి తెచ్చుకోగలిగాం. ఆ పుష్ మొదట ఫెయిలవడమే ఒక ఖబర్: "నీ దగ్గర లేనిది సర్వర్ మీద ఉంది, ముందు అది చూడు" అని. ఆ ఖబర్ నోరు నొక్కేసింది స్క్రిప్టు.

2005లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను మొదలుపెట్టింది లినక్స్ కెర్నెల్ కోసం. ఆ కెర్నెల్‌లోకి పంపే ప్యాచ్ కింద "సైన్డ్-ఆఫ్-బై" అని పేరు రాయాలన్న దస్తూర్ 2004 నుంచీ ఉంది. ఈ పని ఇచ్చే హక్కు నాకుంది అని ఆ మనిషి ఇచ్చే హామీ అది. ఎంత ఆటోమేషన్ వచ్చినా ఆ జిమ్మేదారి మనిషిదే.

మరి స్క్రిప్టుకు ఏం ఇవ్వాలి? తెచ్చే పని ఇవ్వండి. గిట్ ఫెచ్ మీ ఫైళ్లను ముట్టుకోదు, సర్వర్ మీద కొత్తగా ఏముందో తెలుసుకుని వస్తుంది. పది రిపోలున్నా ఒక లూప్‌లో పెట్టేయొచ్చు. పుల్ కావాలంటే "ఎఫ్‌ఎఫ్-ఓన్లీ" తగిలించండి. రెండు వైపులా వేర్వేరు మార్పులుంటే అది కలపకుండా ఆగిపోతుంది, మీకోసం ఎదురుచూస్తుంది. స్క్రిప్టు మొదట్లో "సెట్ మైనస్ ఈ" రాయండి. లేకపోతే ఫోల్డర్‌లోకి వెళ్లే లైను ఫెయిలైనా మిగతా హుకుంలు వేరే చోట నడిచిపోతాయి. ఒకటి ముగియకముందే రెండోది మొదలవకుండా ఎఫ్‌లాక్ పెట్టండి. ఫెయిలైతే మీకు తెలిసేలా లాగ్ రాయించండి.

"మేం కమిట్ చేయడం మర్చిపోతాం, ఇది మాకు బ్యాకప్" అంటారు కొందరు. బ్యాకప్ జరూరే. దానికి ఆర్‌సింక్ ఉంది, లేదా మీ పేరుతో విడిగా ఒక బ్రాంచి పెట్టుకోండి. అందరి బ్రాంచిని మీ బ్యాకప్ చేయకండి. అక్కడ కూడా మారినవన్నీ కళ్లు మూసుకుని ఎత్తే స్క్రిప్టు, గిట్‌ఇగ్నోర్‌లో లేని పాస్‌వర్డ్ ఫైలును సైతం ఎత్తుకుపోతుంది. తర్వాతి కమిట్‌లో దాన్ని తీసేసినా పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చుకోక తప్పదు.

ఒక మినహాయింపు ఒప్పుకుంటాను. గంటగంటకూ ఉష్ణోగ్రత నమోదు చేసే మిషన్ లాంటిది ఉంటే, దాని లెక్కను స్క్రిప్టే కమిట్ చేయనివ్వండి. అక్కడ "ఎందుకు" అనే సవాలే లేదు. అయితే ఆ కమిట్ మీద మీ పేరు కాకుండా మిషన్ పేరు ఉండాలి.

మీ క్రాన్‌ట్యాబ్ ఒకసారి తెరిచి చూడండి జనాబ్. పదిమంది పనిచేసే రిపోకు మీ పేరుతో పుష్ చేసే లైను ఉంటే ఈరోజే తీసేయండి. రోజుకు రెండుసార్లు కూర్చుని, ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక్క వాక్యం రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఆర్నెల్ల తర్వాత "ఇది ఎందుకు తీశారు?" అని అడిగేవాళ్లకు మీరిచ్చే జవాబు అదే.